గాలి పోయినా పట్టుకునేది

ఫిబ్రవరి 6

టైర్ల షాపువాళ్లు ఇచ్చిన డైరీ ఇది. పేజీ పేజీకీ కింద ఒక టైరు బొమ్మ. బీరువా మీద దుమ్ము కొట్టుకుని ఉంటే తీసుకున్నాను. జాకెట్ల కొలతలు రాసుకోవడానికని అత్తకు చెప్పాను. కొలతలు నాకు నోటికే ఉంటాయి, ఆ సంగతి అత్తకూ తెలుసు.

ఈ రోజు ఒక అబద్ధం ఆడాను. ఎవరికీ చెప్పుకునేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

పొద్దున పెనుకొండ రోడ్డులో సుంకన్న షెడ్డుకు పోయాను. మా లారీ అక్కడే ఉంది. వెనక భాగాన్ని జాకీల మీద ఎత్తి పెట్టారు, విరిగిన ఇరుసు పక్కన పడి ఉంది. నేను అడిగింది ఒక్కటే. "అన్నా, హ్యాండ్ బ్రేకులో ఏం పోయినాది?"

"ఏం పోలేదు మంజమ్మా," అన్నాడు సుంకన్న. "గాలి పట్టిచ్చి రెండు పక్కలా చూసినా. గట్టిగా పట్టుకుంటాండాది. లివరు గూడా బాగుండాది. మోరీకి గుద్దుకుని ఇరుసు ఇరిగింది గానీ బ్రేకులో తప్పు లేదు."

బ్రేకులో తప్పు లేదంటే తప్పెవరిదో వేరే చెప్పాలా? ఇంటికొచ్చేసరికి ఈయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. తల తిప్పకుండానే "ఏమన్నాడు?" అని అడిగాడు.

"బ్రేకు లోపల స్ప్రింగు ఇరిగిందంట," అన్నాను.

అనాలని అనుకుని అన్న మాట కాదు. నోరు తెరిచేసరికి అదే వచ్చింది. ఈయన తల తిప్పి నా మొహం చూశాడు. చాలాసేపు చూశాడు. మళ్లీ గోడ వైపు తిరిగాడు.

ఫిబ్రవరి 7

జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకుంటే మంచిది. లేకపోతే రోజుకొక రకంగా గుర్తొస్తోంది.

జనవరి ఆఖర్లో ఆమడగూరు నుంచి మావాళ్ల గొర్రెలను వేసుకుని వస్తున్నారు. ఈయన తోలుతున్నాడు, గొర్రెలను ఎక్కించడానికి పోయిన అత్త పక్క సీట్లో ఉంది. పెనుకొండ కోట కింద ఎత్తులో లారీ ఆపి ఈయన టీకి దిగాడు. గ్లాసు చేతికి అందేలోపు లారీ వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ఈయన పక్కనే పరిగెత్తాడట. తలుపు పట్టుకున్నాడట, చెయ్యి జారిపోయిందట. లారీ పోయి పోయి మోరీ గోడకు గుద్దుకుని ఆగింది. వెనక ఇరుసు విరిగింది. గొర్రెలు కొన్ని చచ్చిపోయాయి. అత్త ఒంటి మీద గీత కూడా పడలేదు.

ఆ రోజు నుంచి ఈయన లారీ మొహం చూడలేదు. మీసం రాకముందు నుంచీ స్టీరింగు పట్టిన మనిషి. ఇప్పుడు ఒకటే మాట, "లివరు లాగి దిగినానా, లాగకనే దిగినానా?" ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. "మాయమ్మని నేనే సంపబోతిని," అంటాడు. అత్తను అడిగితే "దేవుడు కాపాడినాడు నాయనా" అంటుంది. లాగావనీ అనదు, లాగలేదనీ అనదు.

బ్రేకు బాగైతే ఈయన లేస్తాడు. నాకు తెలుసు.

ఫిబ్రవరి 9

పాత ఇరుసు అతుక్కు పనికిరాదన్నాడు సుంకన్న. వేరేది చూడటానికి ఆయనతో ధర్మవరం పోయొచ్చాను. ఆడదాన్ని, నాకక్కడేం పని అని నలుగురూ అనుకోనీ. ఇంటి తరఫున ఒకరు నిలబడకపోతే ఏ షెడ్డులోనూ పని కదలదు, ఈయన నిలబడడు, ఇంకెవరు పోవాలి?

మగ్గాల చప్పుడు వింటూ నేతగాళ్ల వీధులు దాటి, ఊరి చివరకు పోతే పాత లారీలు విప్పే చోటు. ఎంత పొందికగా విప్పి పెట్టారో! తలుపులన్నీ ఒక పక్క, స్టీరింగులన్నీ ఒక పక్క, ఇరుసులన్నీ నేల మీద వరసగా. ఒక్కొక్కటీ నేను రెండు చేతులూ చాచినా అందనంత పొడవు, నడుమ పెద్ద బొజ్జ. ఇన్ని టన్నుల బరువు రాత్రనక పగలనక దేశమంతా తిరిగేది దీని మీదే కదా అని కళ్లప్పగించి చూస్తూ నిలబడిపోయాను. పెళ్లికి పట్టుచీర ఎంచుకున్నప్పుడు కూడా ఇంతసేపు నిలబడలేదు.

సుంకన్న వంగి, తట్టి, గీకి చూసి ఒకదాన్ని ఎంచాడు. దాని బ్రేకులు దానికే ఉన్నాయి. "ఇది ఏ లారీదప్పా?" అని అడిగితే అమ్మే ఆయన "అట్లాంటివి అడగద్దు తల్లీ" అన్నాడు. ఆ ముక్క ఇంటికొచ్చి అత్త చెవిన వేశాను. ఊరుకోవాల్సింది.

ఫిబ్రవరి 11

ఇరుసు వచ్చింది. ట్రాలీలోంచి దించేసరికి సుంకన్న అన్నానికి పోయి ఉన్నాడు. అత్త మాత్రం సిద్ధంగా ఉంది. ఎర్రగుడ్డ, నిమ్మకాయలు, మిరపకాయలు, ఉప్పు, అన్నీ సంచిలో వేసుకుని నాకంటే ముందే వచ్చింది.

"ఎవురి బండిదో, దాని మింద ఎవురి పానం పోయినాదో. అట్లే ఎక్కిచ్చుకుంటామా?" అంది.

చక్రం బిగించే డ్రమ్ముకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, చేత్తో తోసింది. అంత ఇనుము ఎంచక్కా తిరిగింది. "సూడు, ఎంత సులువుగా తిరుగుతాండాదో!" అని సంబరపడింది. డ్రమ్ముకు లోపలి వైపు, రెండు పక్కలా చెంబంత ఇనప డబ్బాలు ఉన్నాయి. వాటి వెనక బెత్తెడు పొడుగు బోల్టు ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంది. మా అత్తకు ఏదైనా పొడుచుకొచ్చి కనబడితే చాలు, దానికి ఏదో ఒకటి తగిలించాలి. కిటికీ చువ్వకు వక్కాకు సంచి, నా మిషన్ చక్రానికి తడి తువ్వాలు. ఆ బోల్టుకు దిష్టి మూట కట్టి, డబ్బా వెనకంతా కనబడకుండా గుడ్డ చుట్టేసింది. రెండో పక్క కూడా అంతే.

"రెండు ఎందుకత్తా?"

"ఒక చెవికే కమ్మ పెట్టుకుంటావా నువ్వు?"

సుంకన్న వచ్చి మూటలు చూసి చెప్పులు విడిచాడు. రోజూ షట్టరు ఎత్తేముందు కర్పూరం వెలిగించే మనిషి ఆయన. "అమావాస్య పోయిందాంక ఎవురూ ముట్టుకోగూడదు," అని అత్త ఆజ్ఞ. "నువ్వు కట్టింది నేను విప్పుతానా పెద్దమ్మా," అని ఆయన మాట.

ఫిబ్రవరి 14

ఇరుసు ఎక్కింది. పొద్దున నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను, కాఫీ కూడా గుర్తు రాలేదు.

గొలుసు కప్పీకి వేలాడదీసి, దాన్ని లారీ కిందికి తెచ్చారు. అంత బరువు గాలిలో అలా నెమ్మదిగా ఊగుతుంటే సుంకన్న ఒక్క వేలుతో ముట్టుకుని ఆపాడు. ఆ వేలితోనే దాన్ని ఎక్కడ కావాలంటే అక్కడికి తిప్పాడు. బరువు మోసే కమాన్ పట్టీల మీద కూర్చునేటప్పుడు చిన్న చప్పుడైంది, అంతే. నాకు దండం పెట్టాలనిపించింది. ఎవరికి పెట్టాలో తెలియలేదు.

ఇంట్లో ఈయనకు చెప్తుంటే నా చేతులు వాటంతటవే ఊగుతున్నాయట. "నీకు లారీ పిచ్చి పట్టినట్టుండాది," అన్నాడు. లారీ జారిపోయిన రోజు నుంచి ఈయన నన్ను ఎగతాళి చేయడం ఇదే మొదలు.

ఫిబ్రవరి 15

బ్రేకు పట్టలేదు.

కాలి బ్రేకు భేషుగ్గా పడుతోంది. హ్యాండ్ బ్రేకే పట్టడం లేదు. షెడ్డు ముందర చిన్న వాలు ఉంది. సుంకన్న లారీని దాని మీదికి ఎక్కించి లివరు లాగాడు. బుస్సుమని గాలి పోయింది. పెడల్ మీంచి కాలు తీశాడు. లారీ నింపాదిగా వెనక్కి జరిగింది. ఆయన మళ్లీ కాలు తొక్కి "రాయి పెట్టండప్పా!" అని అరిచాడు. దగ్గర్లో ఉన్నది నేనే, నేనే పెట్టాను. ఆ రోజు ఈయన కళ్ల ముందు జరిగింది ఇదే కదా.

ఇంటికొచ్చి చెప్తే ఈయన లేచి కూర్చున్నాడు.

"కొత్తది గూడా పట్టలేదా?"

"పట్టలేదు."

"లివరు లాగితే గాలి పోయినాదా?"

"బుస్సుమనింది. అయినా పట్టలేదు."

సాయంత్రం ఈయన రెండో రాగిముద్ద అడిగి వేయించుకున్నాడు. తిని, బజారుకు పోయి, గడ్డం గీయించుకుని వచ్చాడు.

ఫిబ్రవరి 17

పట్టలేదు.

ఫిబ్రవరి 18

ఈ రోజూ పట్టలేదు. ఈయన కొళాయి దగ్గర పక్కింటాయనతో మాట్లాడుతూ నవ్వాడు. లోపల ఉన్నా విన్నాను.

ఫిబ్రవరి 19

ఈయన మనసులో ఏం నడుస్తోందో నాకు అర్థమైంది. స్ప్రింగు విరిగిందన్న నా మాట ఈయనకు ఆనినట్టు లేదు. కొత్త ఇరుసుకీ బ్రేకు పట్టలేదంటే లివరులోనో పైపుల్లోనో ఏదో మాయరోగం ఉంది, తన చేతిలో లేదు అని. అది పట్టిన రోజు తప్పంతా మళ్లీ ఈయన నెత్తికెక్కుతుంది. నేను రోజూ షెడ్డుకు పోయేది బ్రేకు పట్టాలనా, పట్టకూడదనా? పట్టాలనే. పట్టాలనే పోతున్నాను.

సుంకన్న ఇప్పటికే బ్రేకు కట్టలు విప్పి చూశాడు, పైపులు మార్చాడు, గాలి ఎక్కడా కారడం లేదని సబ్బు నురగ పూసి చూశాడు. ఈ రోజు నేనే సలహా ఇచ్చాను. "లివరు మార్చెయ్యన్నా. పాతది చెడిపోయిందని ఈయనకి చెప్పు."

"చెడిపోనిదాన్ని చెడిపోయిందని ఎట్లా చెప్పేది? సాయినాథ్ ఏమన్నా నిన్నటి డ్రైవరా? లాగితే గాలి బయటికి పోతాండాది గదా. లివరు పని అంతే."

"గాలి పోతే మరి పట్టుకునేదేంది?"

అప్పుడు చెప్పాడు. పనిముట్టు కింద పెట్టి, చేతులు తుడుచుకుని, కూర్చుని చెప్పాడు. "అందరూ గాలే పట్టుకుంటాదనుకుంటారు. కాదు. ఆ డబ్బాలో పెద్ద స్ప్రింగు ఉండాది. దానికి ఎప్పుడూ పట్టుకోవాలనే ఉంటాది. ఇంజను నడిస్తే గాలి నిండతాది, ఆ గాలి స్ప్రింగుని ఎనక్కి నెడితేనే చక్రం వదుల్తాది. లివరు లాగితే గాలి పోతాది, స్ప్రింగు వచ్చి పట్టుకుంటాది. గాలి లేకున్నా, ఇంజను లేకున్నా, బండిలో మనిషి లేకున్నా పట్టుకోనే ఉంటాది."

"ఎన్ని దినాలన్నా?"

"దానికి దినాలేంది? తుప్పు పట్టి పోయిందాంక."

ఆ స్ప్రింగు ఒక్కసారి చూపించమన్నాను. ఆయన రెండు చేతులూ ఊపాడు. "అమ్మో! విప్పితే మనిషిని సంపుతాది. అంత బలంగా నొక్కి పెట్టి మూసింటారు. ఎవురూ విప్పరు. లోపల ఎట్లుండాదో బయట్నుంచి ఊహించుకోవాల్సిందే."

నడిచి ఇంటికి వస్తూ రోడ్డు మీద పోయే లారీలనే చూశాను. వక్క బస్తాలవి, ఇటుకలవి, కొత్త కార్లు మోసుకుపోయేవి. ప్రతి దాని కడుపు కింద, చక్రం చక్రం దగ్గర, పట్టుకోవాలని కాచుకుని కూర్చున్న స్ప్రింగులు. పిడికెడు గాలి వాటిని ఆపి ఉంచితేనే ఈ లోకం నడుస్తోంది. ఇన్నేళ్లు లారీ అన్నం తిన్నాను, లారీ అంటే పరిగెత్తేది అనుకున్నాను. నిలబడి ఉండటమే దాని గుణం. పరిగెత్తించడమే మన కష్టం. రోడ్డు దాటేటప్పుడు ఒకాయన హారన్ కొట్టి తిట్టాడు. నేను ఆ లారీ వెనక చక్రాల వంక చూస్తున్నాను.

ఫిబ్రవరి 21

జాకెట్టుకు చేతులు కుడుతున్నాను. మిషన్ చక్రం మీద తువ్వాలు ఆరేసి ఉంటే తీసి పక్కన పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పాను. అప్పుడు తట్టింది.

ఇరుసు వచ్చిన రోజు డ్రమ్ము తిరిగింది. అత్త ఒంటి చేత్తో తోస్తే తిరిగింది. ఆ రోజు దానికి గాలి ఎక్కడిది? ట్రాలీలోంచి దించిన ఇనుము, పైపు లేదు, ఇంజను లేదు. గాలి లేకపోతే పట్టుకుని ఉండాలి కదా. అది ఎందుకు తిరిగింది?

అప్పుడు సుంకన్న అక్కడ లేడు. తిరగడం చూసింది నేనూ, అత్తా. తర్వాత అందరూ చక్రాలు తిప్పుతూనే బిగించారు, బాగా తిరుగుతోందని మెచ్చుకున్నారు కూడా.

ఈ మాట సుంకన్నకు చెప్తే ఆయన నిమిషంలో పట్టేస్తాడు. ఈయన మధ్యాహ్నం సొంతంగా బజారుకు పోయి కూరగాయలు తెచ్చాడు. వంకాయలు ఏరుకుని మరీ తెచ్చాడు.

చెప్పను.

ఫిబ్రవరి 22

చెప్పలేదు.

ఫిబ్రవరి 23

చెప్పేశాను. చెప్పక తప్పింది కాదు.

పొద్దున షెడ్డుకు పోయేసరికి సుంకన్న మొహం కందగడ్డలా ఉంది. ఎడమ పక్క డబ్బాకు గొలుసు చుడుతున్నాడు. "ఇంత వయసొచ్చి ఒక హ్యాండ్ బ్రేకు పట్టిచ్చలేకపోయినా అంటే నవ్వుతారు. దీన్ని విప్పి చూస్తా ఇంగ. గొలుసు కట్టినా, ఏం కాదులే," అన్నాడు.

మనిషిని చంపుతుందని మొన్న చెప్పిన నోరే ఇది. పోయి ఆయన చేతిలోని పానా లాక్కున్నాను. పరాయి మగవాడి చేయి అని కూడా చూడలేదు.

"అన్నా, ఇరుసు దించిన పొద్దు మా అత్త తోస్తే డ్రమ్ము తిరిగింది. అప్పుడు గాలి యాడుండె?"

ఆయన నా వైపు చూశాడు. డబ్బా వైపు చూశాడు. అత్త చుట్టిన ఎర్రగుడ్డ వైపు చూశాడు. నేల మీద చతికిలబడ్డాడు.

"బోల్టు," అన్నాడు. "మంజమ్మా, ఆ గుడ్డ కింద బోల్టు పొడుగ్గా ఉన్నిందా, పొట్టిగా ఉన్నిందా?"

"పొడుగ్గా. దానికే గదా మూట కట్టింది."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. గాలి లేనప్పుడు కూడా చక్రాలు తిరగాలంటే ఆ బోల్టును బయటికి తిప్పుతారట. అది లోపలి స్ప్రింగును వెనక్కి లాగి కట్టేసి ఉంచుతుంది. ధర్మవరంలో విప్పినవాళ్లు అలాగే చేశారు. బిగించాక బోల్టును లోపలికి తిప్పేయాలి. కళ్లకు కనబడితే సుంకన్న అదే చేసేవాడు. కనబడకుండా మా అత్త దానికి చీర కట్టింది.

అయినా ఆయన మూట ముట్టుకోలేదు. అత్తకు కబురు చేస్తే వచ్చింది. అమావాస్య ఇంకా రాలేదని గొణుగుతుందేమో అనుకున్నాను. గొణగలేదు. సంగతంతా విని, ముడులు తనే విప్పింది. "నేను పట్టుకున్నేదంతా ఇట్లే అయితాండాది," అంది. ఎందుకలా అందో నాకు అర్థం కాలేదు.

సుంకన్న బోల్టులు లోపలికి తిప్పాడు. ఆఖరి చుట్టు తిరిగేసరికి డబ్బా లోపల ఏదో కదిలి, ధబ్‌మని డ్రమ్ముకు పట్టింది. నేను చక్రం మీద రెండు చేతులూ పెట్టి తోశాను. సుంకన్న కూడా తోశాడు. కొండను తోసినట్టే ఉంది. ఇన్ని రోజులూ కట్టేసి ఉంచినా దాని బలం కాస్త కూడా తగ్గలేదు, వదలగానే చేయాల్సిన పని చేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆయన చూడకుండా తుడుచుకున్నాను.

ఇంటికొచ్చి ఈయనకు చెప్పాను. బోల్టు సంగతి, గుడ్డ సంగతి, అన్నీ.

"అయితే లివరు బాగుండాది," అన్నాడు.

ముద్ద ముట్టుకోలేదు. మళ్లీ గోడ వైపు తిరిగాడు.

ఫిబ్రవరి 24

అత్త పొద్దున లేస్తూనే చెప్పింది. "యాడ జారిందో ఆడ్నే బండి నిలబెట్టి సూడాల. నేను అండ్లోనే కూసుంటా."

ఈయన వద్దన్నాడు. నేను వద్దన్నాను. ఆమె వక్కాకు నములుతూ కూర్చుంది, మా మాటలు వినబడనట్టే.

ఫిబ్రవరి 25

పోయొచ్చాం. వచ్చి ఇంకా చీర కూడా మార్చుకోలేదు.

సుంకన్న లారీ తోలాడు, అత్త పక్క సీట్లో. అమ్మ ఎక్కాక ఈయన ఇంట్లో ఎలా ఉంటాడు? నన్ను వెనక కూర్చోబెట్టుకుని మోటార్ సైకిలు మీద వచ్చాడు. ఎర్రమంచి దగ్గర కొత్త కార్లు మోసే పెద్ద బండ్లు వరసగా నిలబడి ఉంటే వాటిని దాటేదాకా ఊపిరి బిగబట్టాడు. వీపుకు ఆనుకుని ఉన్నాను కాబట్టి తెలిసింది.

పెనుకొండ ఎత్తులో అదే చోట సుంకన్న లారీ ఆపాడు. లివరు లాగాడు, బుస్సుమంది. ఇంజను ఆపి దిగాడు. చక్రాల కింద రాయి పెట్టలేదు. ఈయన రోడ్డుకు అవతల, టీ అంగడి పక్కన నిలబడ్డాడు. ఇటు రాలేదు.

లారీ కదల్లేదు.

"ఇంగో పరీక్ష ఉండాది," అని సుంకన్న కిందికి వంగి గాలి ట్యాంకు ముక్కు లాగాడు. ఆ మోతకు రోడ్డు పక్కన మేస్తున్న మేకలు చెల్లాచెదురయ్యాయి. గాలి పోతూనే ఉంది, పోతూనే ఉంది. తర్వాత చప్పుడు సన్నబడి ఆగిపోయింది. ఇంజను లేదు, గాలి లేదు, పెడల్ మీద కాలు లేదు. కోట గోడల దాకా ఎక్కే ఆ ఎత్తులో అంత లారీ ఊరికే నిలబడి ఉంది. నేను పోయి వెనక చక్రం మీద చెయ్యి పెట్టాను. ఎండకు వేడిగా ఉంది. లోపల ఆ స్ప్రింగు మా అత్తను, అంత ఇనుమును, ఎవరూ చూడని చోట పట్టుకుని ఉంది. ఇంత గొప్పది నేను దేవళంలో కూడా చూడలేదు. రాయకూడదేమో, కానీ నిజం.

అవతల నుంచి ఈయన గొంతు వినబడింది. "ఇది ఇట్లా పట్టుకుంటాదంటే ఆ పొద్దు నేను లాగలేదు. లాగింటే యాడికి పోతాది? నేనే."

"లాగినావు," అంది అత్త.

కిటికీలోంచి తల బయట పెట్టి అంది. అందరం అటు తిరిగాం.

"లాగినావప్పా. బుస్సుమన్నేది నేను ఇన్న్యా. నువ్వు దిగినాక వక్కాకు ఉమ్మేదానికని లేసినా. మోకాళ్లు పట్టేసినాయి. ఇదో, ఇట్లా, దీన్ని పట్టుకుని లేసినా."

చెప్తూనే చేసి చూపించింది. రెండు సీట్ల నడుమ ఉన్న లివరును పిడికిట పట్టి, పైకి ఎత్తి, బరువంతా దాని మీద వేసి ముందుకు తోసి లేచింది.

"అమ్మా! వద్దు!"

ఈయన అరిచిన అరుపు నేను ఎప్పుడూ వినలేదు. రోడ్డు మీద వచ్చేది పోయేది చూడకుండా పరిగెత్తాడు. డ్రైవరు తలుపు తీసింది, ఎక్కింది, రెండు కాళ్లతో బ్రేకు తొక్కింది, ఏదీ నాకు విడిగా కనబడలేదు. కనబడేసరికి ఈయన సీట్లో ఉన్నాడు. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో అమ్మ చెయ్యి పట్టుకుని రొప్పుతున్నాడు.

లారీ వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"గాలి యాడుండాది సాయినాథా?" అన్నాడు సుంకన్న మెల్లగా. "గాలి లేంది అది వదలదు. ఆ పొద్దు ట్యాంకు నిండా ఉన్నింది. అందుకే వదిలింది."

ఈయన కాళ్లు తీయలేదు. "ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు.

అత్త లివరు మీదున్న తన చెయ్యి వంక చూసింది. తర్వాత అంది. "నువ్వు మర్సిపోయినావంటే నాలుగు దినాలకి ఊరు గూడా మర్సిపోతాది. ముసల్ది పట్టుకుని తోసింది అంటే ఇంగ నన్ను బండెక్కిచ్చుకుంటారా? గొర్రెల కాడికి రానిస్తారా? ఇంట్లో కూసోమంటారు. అందుకే చెప్పల్యా. నువ్విట్లా గోడకి తిరిగి పండుకుంటావని అనుకోల్యా నాయనా. దినామూ చెప్పాలనుకుంటి. నోరు రాల్యా."

నాకు ఆమె మీద ఒళ్లు మండాలి. మండలేదు. నేను ఒక అబద్ధం మోయలేక ఇన్ని పేజీలు నింపాను. ఆమె తన మాటను వక్కాకుతో పాటు నమిలి మింగుతూ అదే ఇంట్లో, అదే కొడుకుకు ఎదురుగా తిరిగింది.

ఈయన అమ్మ చెయ్యిని లివరు మీంచి తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. లివరును వెనక్కి లాగాడు. లాగి, నా వైపు చూశాడు. "మంజూ, లాగినా సూడు." చూశానన్నాను. "సుంకన్నా, నువ్వు గూడా సూడు." ఆయనా చూశాడు. అప్పుడు ఇంజను వేశాడు. గాలి నిండాలి కదా, మీటరు ముల్లు పైకి లేచేదాకా అందరం కాచుకున్నాం.

సుంకన్న మా మోటార్ సైకిలు తీసుకుని ముందు పోయాడు. నన్ను నడుమ కూర్చోమన్నాడు ఈయన. లారీ ఎత్తు దిగేదాకా నేను కూడా రోడ్డునే చూశాను. ఎర్రమంచి దాటాక నెమ్మదిగా అన్నాను. "ఆ స్ప్రింగు సంగతి. పాతదాంట్లో ఇరిగిందని నేను చెప్పింది..."

"ఇరగలేదు."

"సుంకన్న చెప్పినాడా?"

"ఎవురూ చెప్పల్యా. ఆ డబ్బా ఎవురూ విప్పరు మంజూ. విప్పకుండా స్ప్రింగు ఇరిగిందని ఎట్లా తెలుస్తాది? నువ్వు ఆ మాట అన్న్యప్పుడే తెల్సు నాకు."

మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసి కూడా ఇన్నాళ్లూ ఒక్క మాట అనలేదు. రెండో ముద్ద అడిగింది, వంకాయలు ఏరి తెచ్చింది నా కోసమా, తన కోసమా? అడగలేదు. అడిగినా చెప్పడు. ఈయన మోచెయ్యి పట్టుకుని కూర్చున్నాను, గేరు మార్చేటప్పుడల్లా నా చెయ్యి కూడా దానితో పాటే పోయి వచ్చింది.

హిందూపురం పొలిమేరలోకి వచ్చాక ఈయన మళ్లీ నోరు విప్పాడు, ముందుకు చూస్తూనే.

"అమ్మా, రేపు శివరాత్రి, ఎల్లుండి అమావాస్య. శుక్రవారం తనకల్లు పోయి గొర్రెలు ఎక్కిచ్చుకు రావాల. నువ్వు రాకుంటే అవి ఎక్కవు. తెల్లారకముందే పోతాము, రెడీగా ఉండు."

లారీ జారిన రోజు కంట తడి పెట్టని మనిషి, ఇన్నాళ్లూ దేవుడు కాపాడినాడని ఒకటే పాట పాడిన మనిషి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని గట్టిగా, చిన్నపిల్లలాగా ఏడ్చింది. ఈయన లారీ ఆపలేదు. ఇల్లు వచ్చేదాకా ఏడవనిచ్చాడు.